వాల్వ్‌ట్రెయిన్‌కు ఆయిల్ సరఫరా: శక్తి పెంచిన ఇంజన్లలో లోపాల గుర్తింపు

ఇంజన్‌లో వాల్వులను తెరిచి మూసే భాగాల వరసను వాల్వ్‌ట్రెయిన్ అంటారు. పుష్‌రాడ్ ఇంజన్‌లో ఈ వరస కామ్‌షాఫ్ట్ దగ్గర మొదలై లిఫ్టరు, పుష్‌రాడ్, రాకరు మీదుగా వాల్వు స్ప్రింగు దాకా పోతుంది. ఆయిల్ పంపు ఇంజన్ అడుగున ఉంటే రాకర్లు అన్నిటికన్నా పైన ఉంటాయి. పంపు నెట్టిన ఆయిల్ ఫిల్టరు దాటి, క్రాంక్ బేరింగులకూ కామ్ బేరింగులకూ పంచగా మిగిలినది సన్నని రంధ్రాల గుండా పైకెక్కుతుంది. ఆయకట్టులో చివరి పొలం ఎలాంటిదో ఇంజన్‌లో రాకరు అలాంటిది. ఎగువన ఎక్కడ గండి పడినా ముందుగా ఎండేది అదే.

కంపెనీ బిగించిన ఇంజన్‌లో ఈ సమస్య అరుదు. భాగాలన్నీ ఒకదానికొకటి సరిపడేలా ఒకేచోట రూపొందుతాయి. శక్తి పెంచడానికి విప్పి కట్టిన ఇంజన్ సంగతి వేరు. కామ్‌షాఫ్ట్ ఒకరిది, లిఫ్టర్లు ఇంకొకరివి, రాకర్లు మరొకరివి, బ్లాకు యాభై ఏళ్ల నాటిది అయి ఉండవచ్చు. ఏ భాగానికి ఆ భాగం మేలైనదే. ఒకదాని ఆయిల్ రంధ్రం పక్కదాని రంధ్రానికి ఎదురుగా వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. పైగా భారం పెరుగుతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర ప్రతి వాల్వూ సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. లేచే ఎత్తు పెంచిన కామ్‌కు గట్టి స్ప్రింగులు వేస్తారు కాబట్టి రాకరు మీద ఒత్తిడి మామూలు ఇంజన్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. ఆయిల్ పని అక్కడ జారుడు కల్పించడంతో అయిపోదు. రాకరు కీలు దగ్గర పుట్టే వేడినీ, ముడుచుకుంటూ సాగుతూ ఉండే స్ప్రింగు వేడినీ మోసుకుపోయేది కూడా ఆయిలే. ఎండిన స్ప్రింగు వేడికి బలం కోల్పోతుంది, కొన్నాళ్లకు విరుగుతుంది.

ఆయిల్ అందని రాకరును విప్పి చూస్తే గుర్తుపట్టడం కష్టం కాదు. గిన్నెలాంటి భాగం నీలం తిరిగి ఉంటుంది, రాకరు ఆనుకుని ఊగే గుండు మీద గీతలు పడి ఉంటాయి, పుష్‌రాడ్ కొస నల్లబడి అరిగి ఉంటుంది. చుట్టూ తడి బదులు గోధుమరంగు మాడు పేరుకుంటుంది. అంతదాకా రాకముందే చెవికి తెలుస్తుంది. తెలుగునాట గ్యారేజీల్లో ‘ట్యాపెట్ సౌండ్’ అనే టికటిక శబ్దమది. అయితే ఆ శబ్దం వాల్వు క్లియరెన్సు ఎక్కువైనా వస్తుంది, హైడ్రాలిక్ లిఫ్టరు నిండకపోయినా వస్తుంది. అందుకే దాని ఒక్కదాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు.

ఆయిల్ నడిచే దారి

పుష్‌రాడ్ ఇంజన్లలో ఎక్కువగా విప్పి కట్టేది, ఎక్కువగా అధ్యయనం జరిగినది అమెరికాకు చెందిన షెవర్లే చిన్న బ్లాకు వీ8. ఎడ్ కోల్ ప్రధాన ఇంజనీరుగా ఉన్నప్పుడు రూపొంది, 1955లో 265 ఘనపు అంగుళాల (4.3 లీటర్ల) పరిమాణంతో విడుదలైంది. అప్పటిదాకా వాడుకలో ఉన్న బరువైన రాకర్ షాఫ్టు ఇందులో లేదు. ప్రతి రాకరూ రేకును అచ్చు కొట్టి చేసిన చిన్న ముక్క. హెడ్‌లో దిగ్గొట్టిన స్టడ్డు మీద, అరగుండు ఆధారంగా ఊగుతుంది. ఈ రాకరు ఆలోచన పాంటియాక్ ఇంజనీరు క్లేటన్ లీచ్‌ది. షాఫ్టు లేదు కాబట్టి దాని గుండా ఆయిల్ పంపే వీలూ లేదు. అందుకే బోలు పుష్‌రాడ్‌నే గొట్టంగా వాడుకున్నారు.

ఈ ఇంజన్‌లో పంపు వెనుక మెయిన్ బేరింగు క్యాప్ మీద కూర్చుంటుంది. డిస్ట్రిబ్యూటరు కింది కొసకు తగిలించిన చిన్న షాఫ్టు దాన్ని తిప్పుతుంది. పంపు నుంచి ఆయిల్ ఫిల్టరులోకి, అక్కడి నుంచి బ్లాకు వెనక భాగంలో పైకి వెళుతుంది. కామ్‌కు పైగా పొడవునా ఒక ప్రధాన గ్యాలరీ (ఆయిల్ పారే సొరంగం), దానికి రెండు వైపులా లిఫ్టర్ల గ్యాలరీలు ఒక్కొక్కటి ఉంటాయి. లిఫ్టర్ల గ్యాలరీలకు వెనుక కామ్ బేరింగు చుట్టూ ఉన్న గాడి నుంచి ఆయిల్ అందుతుంది. ప్రతి లిఫ్టరు నడుము చుట్టూ ఒక గాడి, అందులో చిన్న రంధ్రం ఉంటాయి. ఆయిల్ దాని గుండా లోపలి గదిలోకి చేరుతుంది. హైడ్రాలిక్ లిఫ్టరులో కొంత ఆయిల్ చెక్ వాల్వు దాటి కింది గదిని నింపి సందును పూడుస్తుంది. మిగతాది పైన ఉన్న మీటరింగు బిళ్ల సందుల్లోంచి పుష్‌రాడ్‌లోకి ఎక్కి, రాకరు రంధ్రం గుండా ఉబికి, స్ప్రింగుల మీద చింది, హెడ్ చివర్లలోని రంధ్రాల గుండా కిందికి జారుతుంది. అడుగున ఉన్న ఆయిల్ తొట్టి, అంటే పాన్‌లోకి చేరాక మళ్లీ ప్రయాణం మొదలు.

భాగాలు కలవకపోతే ఏమవుతుందో ఇదే ఇంజన్ తొలి రోజుల్లో చూపించింది. 1955, 1956 బ్లాకుల్లో లిఫ్టర్ల గ్యాలరీలకు ఆయిల్ వెళ్లాలంటే కామ్‌షాఫ్ట్ వెనుక జర్నల్ (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) మీద గాడి ఉండాలి. 1957 నుంచి ఆ గాడిని బ్లాకులోనే, బేరింగు వెనక చెక్కారు. కాబట్టి తర్వాతి కామ్‌షాఫ్ట్‌లకు గాడి అవసరం లేకపోయింది. పాత బ్లాకులో ఈ గాడి లేని కామ్ వేస్తే అది చక్కగా కూర్చుంటుంది, ఇంజన్ స్టార్టవుతుంది, రాకర్లకు మాత్రం ఆయిల్ రాదు. పాత బ్లాకును ముచ్చటపడి కొత్తగా కట్టించే వాళ్లు నేటికీ ఈ గోతిలో పడుతున్నారు.

మీటరు చెప్పేది, చెప్పనిది

ఆయిల్ ప్రెషర్ మీటరు ప్రవాహాన్ని కొలవదు. పంపు నెట్టే ఆయిల్‌కు దారిలో ఎదురయ్యే అడ్డంకి ఎంతో చూపుతుంది, అదీ మీటరు గొట్టం తగిలించిన చోట మాత్రమే. చిన్న బ్లాకులో ఆ చోటు ఫిల్టరు పైన గానీ డిస్ట్రిబ్యూటరు పక్కన గానీ, అంటే పంపుకు దగ్గర్లో ఉంటుంది. లిఫ్టర్ల గ్యాలరీలోకి వెళ్లే దారి మూసుకుపోతే ఆయిల్ పోయే తోవ తగ్గి మీటరు ముల్లు ఇంకాస్త పైకే లేస్తుంది. మీటరులో 60 పీఎస్‌ఐ, పైన రాకర్లు పొడి: ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ప్రతి 1000 ఆర్‌పీఎంకూ 10 పీఎస్‌ఐ ఉంటే చాలన్న పాత లెక్క బేరింగులకు పనికొస్తుంది. రాకర్ల గురించి అది ఏమీ చెప్పదు.

ముల్లు పడిపోయిందంటే మాత్రం ఎక్కడో ఆయిల్ కారిపోతోందని అర్థం. రెండు లోహపు గోడల మధ్య సందు రెట్టింపైతే, మిగతావన్నీ అలాగే ఉన్నప్పుడు, దాని గుండా కారే ఆయిల్ సుమారు ఎనిమిదింతలవుతుంది. లిఫ్టరుకూ అది కూర్చునే బోరుకూ మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతు నుంచి రెండు వెయ్యోవంతుల లోపు ఉండాలనడం ఇందుకే. అరిగిన పాత బోర్లలో కొత్త లిఫ్టర్లు వేసి, తగ్గిన ప్రెషర్‌ను పెద్ద పంపుతో పూడ్చుకోవడం తరచూ కనిపించే పద్ధతి. కారడం అలాగే ఉంటుంది, పంపు డ్రైవ్ మీద భారం పెరుగుతుంది. బోర్లకు బుష్‌లు వేయించడం ఖర్చే అయినా అసలు మరమ్మతు అదే.

స్టార్టు చేయకముందు పరీక్ష

కట్టిన ఇంజన్‌ను స్టార్టు చేయకముందే ఆయిల్‌ను పైదాకా ఎక్కించి చూడటాన్ని ప్రైమింగ్ అంటారు. లోపం పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన అవకాశం మళ్లీ రాదు. డిస్ట్రిబ్యూటరు తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్ మెషీన్‌కు తగిలించిన కడ్డీతో పంపును తిప్పుతారు. షెవర్లేలో గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి, ఫోర్డ్ 302 లాంటి వాటిలో దానికి ఎదురు దిశలో. మొదటి కొద్ది సెకన్లు డ్రిల్ తేలిగ్గా తిరుగుతుంది. పంపు ఆయిల్ అందుకోగానే మోటారు శబ్దం బరువెక్కుతుంది, చేతిలో డ్రిల్ మెలితిరగబోతుంది, మీటరు ముల్లు కదులుతుంది. రాకర్ల దగ్గర ఇంకా ఏమీ ఉండదు. నిమిషమో రెండు నిమిషాలో గడిచాక ఏదో ఒక రాకరు రంధ్రంలో బుడగ మెరిసి పగులుతుంది, దాని వెనకే ఆయిల్ చుక్క ఉబ్బి గిన్నె నిండి అంచు దాటి కారుతుంది. ఇలా పదహారు రాకర్లలోనూ కనబడాలి.

ఒకే స్థితిలో క్రాంక్‌ను ఉంచితే పదహారూ తడవకపోవచ్చు. కామ్ ఎత్తి పట్టిన లిఫ్టరు గాడి ఒకచోట, దించిన దాని గాడి ఇంకొకచోట ఉంటాయి. క్రాంక్‌ను పావు చుట్టు చొప్పున జరుపుతూ రెండు పూర్తి చుట్లు తిప్పి చూశాకే ఫలానా రాకరు ఎండిందని అనాలి.

షెవర్లేలో మరో మెలిక ఉంది. కుడివైపు లిఫ్టర్ల గ్యాలరీ డిస్ట్రిబ్యూటరు రంధ్రాన్ని తాకుతూ పోతుంది. డిస్ట్రిబ్యూటరు ఒళ్లే అక్కడ గోడలా నిలిచి ఆయిల్ బయటికి పోకుండా ఆపుతుంది. ఒట్టి కడ్డీతో ప్రైమింగ్ చేస్తే ఆ గోడ ఉండదు. ఆయిల్ రంధ్రంలోంచి కిందికి జారిపోతుంది, కుడి హెడ్ రాకర్లు పొడిగా ఉంటాయి. ఇంజన్‌లో లోపమేమీ లేకపోయినా హెడ్లు విప్పించిన సందర్భాలకు ఇది కారణం. తొడుగు ఉన్న ప్రైమింగ్ కడ్డీ గానీ, పళ్లు తీసేసిన పాత డిస్ట్రిబ్యూటరు గానీ వాడితే సరిపోతుంది.

షెవర్లే ఎల్‌ఎస్ తరగతి ఇంజన్లలో (1997 నుంచి) డిస్ట్రిబ్యూటరే లేదు, పంపును క్రాంక్ ముందు కొస తిప్పుతుంది. అక్కడ డ్రిల్ పద్ధతి కుదరదు. గాలి ఒత్తిడి పెట్టిన డబ్బా నుంచి గ్యాలరీలోకి ఆయిల్ ఎక్కిస్తారు.

ఎండిన తీరును చదవడం

లోపం వెతకడంలో మొదట చూడాల్సింది ఎన్ని రాకర్లు ఎండాయి, ఏవి ఎండాయి అన్నది. అన్నీ ఎండితే లోపం పంపు వైపు, అన్ని దారులూ విడిపోకముందే ఉంది. ఒక వైపు హెడ్ మొత్తం ఎండితే ఆ వైపు గ్యాలరీలోనో, దానికి ఆయిల్ ఇచ్చే చోటనో ఉంది. ఒక్కటే ఎండితే లిఫ్టరు, పుష్‌రాడ్, రాకరు, ఈ మూడింటిలో ఒకటి. ఈ వివేచన చేయకుండా పెద్ద పంపు కొనడం, చిక్కటి ఆయిల్ పోయడం వల్ల డబ్బు పోతుంది తప్ప లోపం బయటపడదు.

అన్నీ ఎండినప్పుడు పంపు డ్రైవ్ షాఫ్టు, పికప్ గొట్టం, రిలీఫ్ వాల్వు చూడాలి. చిన్న బ్లాకు పికప్ గొట్టం పంపులోకి బిగుతుగా దిగ్గొట్టి ఉంటుంది. పని ఎక్కువయ్యే ఇంజన్లలో ఆ అతుకు వదులై గొట్టం ఊడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని బ్రేజింగ్ చేయడం లేదా బోల్టుతో పట్టి ఉంచడం ఆనవాయితీ. పికప్ జల్లెడకూ పాన్ అడుగుకూ మధ్య సుమారు 3/8 అంగుళం, అంటే 9 మిల్లీమీటర్లకు పైగా ఖాళీ ఉండేలా చూస్తారు. పాన్ మార్చి గొట్టం మార్చనప్పుడు ఈ కొలతే తప్పుతుంది. ఎల్‌ఎస్ ఇంజన్లలో పికప్ గొట్టం ఓ-రింగు నలిగినా, సరైన సైజుది కాకపోయినా పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది. లిఫ్టరులోకి నురగ చేరితే అది కుదించుకుపోతుంది. ప్రెషర్ ఉన్నట్టే ఉంటుంది, ట్యాపెట్ సౌండ్ ఆగదు.

ఒక వైపు ఎండినప్పుడు అనుమానం ప్లగ్గుల మీదికి పోవాలి. బ్లాకును శుభ్రం చేసేటప్పుడు గ్యాలరీ ప్లగ్గులన్నీ పీకి, పొడవాటి బ్రష్‌తో తోమి, మళ్లీ వేస్తారు. ముందు వైపు ప్లగ్గులు టైమింగ్ కవరు వెనక దాగి ఉంటాయి. ఒకటి వేయడం మరిచిపోతే ఆయిల్ అంతా టైమింగ్ చైన్ మీదికి పోతుంది. మరలు ఉన్న ప్లగ్గును మరీ లోపలికి బిగిస్తే అది అడ్డదారి నోటికి మూతవుతుంది. వెనుక మెయిన్ క్యాప్ కింద ఉండే చిన్న ప్లగ్గుది విచిత్రమైన కథ. దాన్ని వేయకపోయినా ప్రెషర్ మామూలుగానే ఉంటుంది, ఆయిల్ పైకీ ఎక్కుతుంది. కానీ ఫిల్టరులోకి వెళ్లకుండానే ఎక్కుతుంది. కొన్ని వారాల తర్వాత లిఫ్టర్లు ఒక్కొక్కటిగా మొరాయిస్తే కారణం అక్కడ ఉంటుందని తోచడం కష్టం.

ఒక్క రాకరు ఎండినప్పుడు పరీక్ష సులువు. దాని పుష్‌రాడ్‌నూ పక్కదాన్నీ మార్చి వేసి మళ్లీ ప్రైమింగ్ చేయాలి, పొడవులు ఒకటేనని చూసుకుని. పొడిదనం కూడా పుష్‌రాడ్ వెంట పక్కకు పోతే లోపం దానిదే. తయారీలో మిగిలిన రజను రంధ్రంలో ఇరుక్కునే అవకాశం కొత్త పుష్‌రాడ్లలోనూ ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడటం, తీగ దూర్చి కడగడం రెండు నిమిషాల పని. పొడిదనం అక్కడే ఉండిపోతే రాకరును మార్చి చూడాలి, తర్వాత లిఫ్టరును. లిఫ్టరు నిండకపోవడానికి సీలింగు టేపు పోగు, సిలికాన్ తునక, శుభ్రం చేయడానికి వాడిన గాజు పొడి లాంటి చిన్న చెత్త చాలు.

లిఫ్టరు గాడి గ్యాలరీకి ఎదురుగా లేకపోవడం వీటన్నిటికన్నా సూక్ష్మమైన లోపం. క్రాంక్ స్ట్రోక్ పెంచినప్పుడు కనెక్టింగ్ రాడ్డుకు తగలకుండా కామ్‌ను సన్నగా చెక్కుతారు. అప్పుడు లిఫ్టరు మామూలుకన్నా కిందికి దిగుతుంది. లేచే ఎత్తు పెంచితే మామూలుకన్నా పైకి లేస్తుంది. ఏ కొసలోనైనా గాడి బోరు అంచు దాటి బయటపడితే ఆయిల్ చిమ్ముతుంది. ఆ ఒక్క లిఫ్టరే కాక అదే గ్యాలరీ మీద ఆధారపడిన మిగతావీ నష్టపోతాయి. ఇంజన్ కట్టేటప్పుడు లిఫ్టరును అట్టడుగు, అత్యంత పై స్థానాల్లో ఉంచి గాడి ఎక్కడికి వస్తోందో టార్చ్ వేసి చూడటం తప్ప దీనికి వేరే పరీక్ష లేదు.

షాఫ్టు రాకర్లు ఉన్న ఇంజన్లు

ఫోర్డ్ ఎఫ్‌ఈ (1958), క్రైస్లర్ ఎల్‌ఏ (1964) ఇంజన్లలో ఆయిల్ పుష్‌రాడ్ గుండా పోదు. కామ్ బేరింగు నుంచి బ్లాకులోని సొరంగం, హెడ్ గ్యాస్కెట్ రంధ్రం, హెడ్ దాటి రాకర్ షాఫ్టు స్టాండులోకి ఎక్కుతుంది. స్టాండును పట్టి ఉంచే బోల్టు చుట్టూ ఉన్న సందే ఇక్కడ దారి. గట్టిదనం కోసం లావు ఒంటి బోల్టో స్టడ్డో వేస్తే ఆ సందు పూడిపోయి ఒక హెడ్ రాకర్లన్నీ ఎండుతాయి. గ్యాస్కెట్‌లో ఆ రంధ్రం లేకపోయినా, షాఫ్టును తలకిందులుగా బిగించినా ఫలితం అదే.

క్రైస్లర్ ఎల్‌ఏలో రెండో, నాలుగో కామ్ జర్నళ్లలో అడ్డంగా రంధ్రం ఉంటుంది. అది బేరింగు రంధ్రాలకు ఎదురుగా వచ్చినప్పుడే హెడ్‌కు ఆయిల్ వెళుతుంది. ఒక్కో జర్నల్ ఒక్కో హెడ్‌కు. ప్రైమింగ్‌లో ఒక వైపు పొడిగా కనిపిస్తే క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పుతూ ఆయిల్ ఉబికే చోటు వెతకాలి. ఎక్కడా రాకపోతే కామ్ బేరింగు తప్పు కోణంలో దిగిందని అనుమానించాలి, ఇంజన్ మళ్లీ విప్పాలి. షాఫ్టు రాకర్లలో అడ్జస్టర్ స్క్రూ కూడా చూడదగ్గదే. స్క్రూ మీది గాడి రాకరులోని దారికి ఎదురుగా ఉన్నప్పుడే పుష్‌రాడ్ కొసకు ఆయిల్ చేరుతుంది. పొట్టి పుష్‌రాడ్ వేసి స్క్రూను బాగా కిందికి దించితే ఆ దారి మూతపడుతుంది. రాకరు కింద మరలు ఒకటి రెండుకు మించి కనిపిస్తే పుష్‌రాడ్ పొడవు తప్పినట్టే.

తగ్గించడం, ఎక్కువైతే కష్టాలు

ఆయిల్ పైకి ఎక్కువగా వెళ్లడమూ లోపమే. అధిక వేగంలో రాకర్ కవర్లు నిండిపోయి పాన్ ఖాళీ అయితే పికప్ గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. వాల్వు గైడుల గుండా ఆయిల్ కారి పొగ వస్తుంది. రోలర్ లిఫ్టర్లు, సూది బేరింగుల రాకర్లు ఉన్న రేసు ఇంజన్లలో లిఫ్టర్ల గ్యాలరీ వెనుక నోట్లో సన్న రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ బిగించే అలవాటు ఇలాగే వచ్చింది. హైడ్రాలిక్ లిఫ్టర్లకు మాత్రం ఇది సరిపడదు, అవి నిండుగా ఉండాలంటే గ్యాలరీలో పూర్తి ప్రెషర్ కావాలి. రేసు నుంచి తెచ్చిన పాత బ్లాకులో రెస్ట్రిక్టర్లు ఉన్నట్టు తెలియక వీధిలో తిరిగే హైడ్రాలిక్ కామ్ వేస్తే శబ్దం ఖాయం. రోలర్ రాకర్లకు ఆయిల్ తక్కువ చాలన్నది నిజమే, వాటి పక్కనే ఉన్న స్ప్రింగులకు తక్కువ చాలదన్నదీ నిజమే. ఎక్కువసేపు పూర్తి వేగంతో తిరిగే స్టాక్‌కార్ రేసు ఇంజన్లలో స్ప్రింగుల మీదికే ఆయిల్ చిమ్మే ప్రత్యేక నాజిళ్లు పెట్టడం అందుకే.

కవర్లు నిండుతున్నాయంటే చాలాసార్లు ఎక్కే ఆయిల్ ఎక్కువ కాదు, దిగే దారి ఇరుకు. హెడ్ చివరి రంధ్రాల్లో పోతపోసినప్పుడు మిగిలిన ఇనుప అంచును ఆకురాయితో రుద్ది నున్నగా చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. విరిగిన ముక్కలు పాన్‌లోకి పోకుండా జల్లెడలు పెడితే, వాటిని గ్యాస్కెట్ జిగురు మూసేయకుండా చూసుకోవాలి.

కామ్ హెడ్‌లోనే ఉండే ఇంజన్లలో పుష్‌రాడ్ బాధలు ఉండవు, దిగే బాధ ఉంటుంది. 1989లో స్కైలైన్ జీటీ-ఆర్ కారుతో వచ్చిన నిస్సాన్ ఆర్‌బీ26 దీనికి పేరుపడింది. రేసు వాడకంలో హెడ్‌కు వెళ్లే రంధ్రాలను సన్నం చేయడం, దిగే రంధ్రాలను వెడల్పు చేయడం, హెడ్ వెనక నుంచి పాన్‌కు బయటి గొట్టం వేయడం దానికి మామూలు. హోండాలో వీటెక్ (ఆయిల్ ప్రెషర్‌తో వాల్వులు లేచే ఎత్తును మార్చే ఏర్పాటు) లేని బీ18 బ్లాకు మీద వీటెక్ హెడ్ పెట్టినప్పుడు సమస్య తిరగబడుతుంది. ఆ బ్లాకులో వీటెక్‌కు కావలసిన ఆయిల్ దారి లేదు కాబట్టి ప్రెషర్ స్విచ్ రంధ్రం నుంచి హెడ్‌కు బయటి గొట్టం లాగుతారు.

ఇంజన్ తొలిసారి స్టార్టయ్యాక

ఫ్లాట్ లిఫ్టర్ల కామ్‌ను లిఫ్టర్లతో కుదుర్చేందుకు స్టార్టయిన వెంటనే ఇంజన్‌ను 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలకు తగ్గకుండా నడుపుతారు. కామ్ లోబులకు ఆయిల్ ప్రధానంగా క్రాంక్ చిమ్మే జల్లు నుంచే అందుతుంది, ఐడిల్ వేగంలో ఆ జల్లు చాలదు. ఈ కాసేపట్లో రాకరు శబ్దం తగ్గకుండా పెరుగుతుంటే ఆపి కవరు విప్పాలి. మొదటి ఫిల్టరును పారేయకుండా కోసి, మడతలు విప్పి, ఎండలో పట్టి చూస్తారు. అయస్కాంతానికి అంటే తళుకులు కామ్ లేదా లిఫ్టరువి, అంటని వెండి రంగు పొడి అల్యూమినియం రాకరుదో పిస్టన్‌దో, రాగి రంగు తునకలు బేరింగు లోపలి పొరవి.